ఉప్పు పోసిన పెరడు

నాకు బుద్ధి తెలిశాక చూసిన మొదటి కొట్లాట ఒక ఆడమనిషికీ ఒక పెరటికీ మధ్య జరిగింది. మా ఇంటి దడికి అవతల ఐలవ్వ పెరడు. చీర ఎగజెక్కి, తుమ్మమొద్దుకు పిడి వేయించిన కట్టెను తలపైకెత్తి, రాయిలా ఎండిన నల్లమట్టి గడ్డల్ని ఒక్కొక్కటే పగలగొట్టేది. కొట్టిన ప్రతిసారీ ఒక తిట్టు. గడ్డ పగిలితే "గిది నీ నెత్తి, మొండిగా" అనేది. ఆ మొండయ్య మట్టిగోడకు అవతలే ఉండేవాడు. వినపడాలనే ఆమె గట్టిగా తిట్టేది.

మొండయ్య ఎవరో కాదు, ఆమె బావ. ఆమె మొగుణ్ణి చంపినవాడు.

చెన్నూరుకు రెండు కోసుల దూరంలో గోదారి ఒడ్డున మా ఊరు. పోలీసు చర్య జరిగి రెండు మూడేళ్ళయింది. ఖాకీ బట్ట కనిపిస్తే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేన్లోకి ఉరికే రోజులు. ఆ ఎండాకాలంలో అన్నదమ్ములు మొండయ్య, రాయమల్లు పాలు పంచుకున్నారు. పొలం తెగింది, ఇల్లు తెగింది, ఇంటి వెనక జాగ మాత్రం తెగలేదు. తమ్ముడు రాయమల్లు అక్కడ ఎడ్లను కట్టేయడానికి గుంజ పాతుతుంటే మొండయ్య గడ్డపార పట్టుకుని వచ్చాడు. వచ్చి కొట్టాడు. తల పగిలి రాయమల్లు ఆ గుంజ పక్కనే కూలాడు. ఐలవ్వ ఆ తలను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో అదిమి పట్టింది. రక్తం ఆగలేదు. నల్లరేగడి నోళ్ళు తెరిచి ఉంది, ఎంత పడితే అంత తాగింది. చెన్నూరు దవాఖానకు తీసుకుపోతున్న బండిలోనే అతని ప్రాణం పోయింది.

ఠాణాకు పోతే ఊరంతా ఆగమైతదన్నారు పెద్దలు. కులపెద్ద భూమన్న పంచాయతీ పెట్టాడు. మొండయ్య తువ్వాల చేతికి చుట్టుకుంటూ, "గుంజ మీద కొట్టవోయిన. వాడే అడ్డమొచ్చిండు" అన్నాడు. ఆ మాట ఒక్కరూ నమ్మలేదు, అందరూ ఒప్పుకున్నారు. మా ఊరి పెద్దరికం అట్లాంటిది.

భూమన్న తీర్పు చెప్పాడు.

"ఐలవ్వా, ఇగ ఇను. రక్తానికి బదులు గా ఎనుక జాగ నీది. ఉగాది నుంచి ఉగాది దాక ఒక్క కూరగాయన్న తెంపకుంట పడావు పెడితివా, అది మల్ల మొండయ్యది. ఇంకో మాట. నీ చేతుల మొండయ్య సచ్చిండో, రక్తానికి రక్తం చెల్లుతది, జాగ వాపస్ పోతది. ఇద్దరు మన్ను ముట్టి ఒట్టు పెట్టుకోండ్రి."

మా దగ్గర మన్ను ముట్టడమంటే చేత్తో ముట్టడం కాదు. తగాదా పడ్డ భూమిలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకోవాలి. అబద్ధమాడితే ఆ మన్నే నోట్లో పడుతుందని. మొండయ్య వేసుకున్నాడు, మింగాడు. ఐలవ్వ వేసుకుంది, నాలుక మీద అట్లాగే పెట్టుకుంది. కాసేపటికి బావ ముఖంలోకి చూసింది. మన్ను ఉప్పగా ఉంది. చౌడు. పశువు కూడా మూతి పెట్టని జాగ. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. పండితే నీదని ఒప్పుకున్నది పండదని తెలిసే.

ఆ రోజు నుంచి ఐలవ్వ కూరలో ఉప్పు వేసుకోలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, అడిగితే, "గా మన్నుల తిన్న ఉప్పు ఇంక గొంతు దిగలే చెల్లె. దిగినంక తింట" అంది. విధవరాలి నియమమనుకున్నారు ఊళ్ళో. ఉప్పూ కారం తినేవాళ్ళకే రోషం ఉంటుందని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాడు ఐలవ్వను చూసి ఉండడు.

మొండయ్య వెంటనే మధ్యలో నిలువెత్తు మట్టిగోడ పెట్టించాడు. దానిలో ఒక కొసను తన వెనక అర్రకు, అంటే గదికి, గోడగా చేసుకుని దూలం వేసుకున్నాడు. తమ్ముడు పడ్డచోటు కంటికి కనపడకుండా ఉండాలి కదా. రోజూ సారా తాగి ఖాళీ సీసా గోడ మీదుగా విసిరేవాడు. ఒకసారి అది ఐలవ్వ భుజాన్ని చీల్చింది. ఆమె ఆ రక్తాన్ని తుడుచుకుని, సీసా కడిగి, అందులో పెరటి మన్ను ఇంత, నీళ్ళు ఇన్ని పోసి గలగలా ఊపి దడి మీద పెట్టింది. నేనూ పోయి చూశాను. అడుగున గోరంత మందం ఇసుక. ఆ పైన జిగట నల్లమట్టి, జానెడు. దాని మీద నీళ్ళు మాత్రం తేరుకోనేలేదు, మురికిగానే నిలబడ్డాయి.

"ఇసుక లేదు దీంట్ల. గందుకే నీళ్ళు దిగుతలేవు, గాలి ఆడుతలేదు" అంది ఐలవ్వ.

గోదారి ఇసుకలో దోసపాదులు విరగకాయడం చూసిన మనిషి ఇంకేమనుకుంటుంది? ఎండాకాలమంతా తలమీద తట్టతో ఏటి నుంచి ఇసుక మోసింది. పాదాలు బొబ్బలెక్కి పగిలాయి. బిడ్డ దేవవ్వ చిన్న తట్టతో వెనకే నడిచేది. ఇసుకనంతా నల్లమట్టిలో కలిపి, తడిపి, తొక్కి చదును చేసింది. వంగ నారు పెట్టింది, బెండ గింజలు వేసింది. నాలుగు వానలు పడి ఎండ కాసేసరికి పెరడు బిగుసుకుపోయింది. గడ్డపార వేస్తే ఖణేల్‌మంది. వంగనారు వేళ్ళు మట్టిలో ఇరుక్కుని నిలబడే చచ్చిపోయింది.

మొండయ్య అవతల రాయి ఎక్కి గోడ మీద మోచేతులానించి పళ్ళన్నీ బయటపెట్టాడు. "ఏందే ఐలవ్వా, తోట పెట్టుమంటే గోడ పెట్టినవ్? ఇసుక, రేగడి కలిపి తొక్కితే ఏమైతది? నా గోడ గట్లనే కట్టిచ్చిన."

అది నిజం. మా ఊళ్ళో ప్రతి ఆడదీ ఏటేటా ఇసుకా రేగడీ కలిపి తొక్కి గోడలకు మెత్తుతుంది. ఐలవ్వ కూడా పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ తొక్కింది. చేతులకు తెలిసిన సంగతి కోపంలో తలకెక్కలేదు. చేతికందిన రాయి ఆ పళ్ళ మీదకు విసిరింది. రెండు పళ్ళు రాలాయి. నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

కానీ పళ్ళు రాలితే కూర పండదు. ఉగాది దగ్గరపడుతోంది. పెరడంతా ఎండిపోయినా ఒక్క మూల, రాయమల్లు పాతిన ఎడ్లగుంజ దగ్గర, ఎప్పటిదో పెంటకుప్ప పరిచినచోట, దానంతట అదే మొలిచిన సొరతీగ మాత్రం పాకుతోంది. ఐలవ్వ అక్కడ గడ్డపార వేసింది. పిడి దాకా దిగింది. మట్టి తీసి పిడికిట్లో పట్టి వదిలితే అటుకుల్లా విడిపోయింది. వాసన చూసింది, నాలుక మీద వేసుకుంది. చప్పగా ఉంది. అక్కడే కూలబడింది. నల్లమట్టికి కావలసింది ఇసుక కాదు, కుళ్ళేది ఏదైనా. కుళ్ళినదే మట్టిని విడదీస్తుంది, నీళ్ళను దింపుతుంది. ఉగాదికి ముందు ఆ తీగకు కాసిన ఒక్క సొరకాయను తెంపి, ఊళ్ళోంచి నడిచిపోయి, భూమన్న ఒళ్ళో పెట్టి వచ్చింది. 

ఇక ఆ తర్వాత మా ఊళ్ళో పేడ దొరకడం కష్టమైంది. మందల వెంట తట్ట పట్టుకుని నడిచేది ఐలవ్వ. ముందు చూసినవాళ్ళదే పేడ అనేది మా ఊరి న్యాయం. ఐలవ్వకు అన్నీ ముందే కనిపించేవి. ఒకసారి మా అవ్వే, మా అవ్వ కొమురవ్వ, ఒక్క పేడకడి కోసం ఆమెతో జుట్లు పట్టుకుంది. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. సాయంత్రం మళ్ళీ ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని ఒకరి గీరులకు ఒకరు పసుపు రాసుకున్నారు.

తొలకరికి జనుము చల్లేది. నడుమెత్తు పెరిగి పువ్వు పట్టగానే పిల్లాణ్ణి కొట్టినట్టు కొట్టి పడగొట్టి మట్టిలో తొక్కేది. తంగేడు కొమ్మలు, కానుగాకు, పొయ్యి బూడిద, వడ్ల ఊక, అన్నీ అందులోకే. మళ్ళు ఎత్తుగా వేసి, నడుమ వాననీళ్ళు పోయే దారి తీసింది. ఏటేటా సారాసీసాలో మన్ను ఊపి చూసేది. సీసాలకు కొదవలేదు, బావ విసురుతూనే ఉన్నాడు. మెల్లగా ఆ నీళ్ళు తేరుకోవడం మొదలైంది.

రాష్ట్రం పేరు మారింది. హైదరాబాదు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. నల్లరేగడి కూడా మారింది. మొండయ్యే మారలేదు. ఆమె వంకాయలు, బీరకాయలు, పుంటికూర, అదే గోంగూర, చెన్నూరు అంగడికి పోతుంటే ఆయనకు తిన్నది అరిగేది కాదు. కావాలని బర్రెను తోటలోకి తోలాడు. ఐలవ్వ గడ్డలు కొట్టే కట్టెతో ఒక్కటిచ్చింది. కొమ్ము ఊడి బర్రె నెత్తుటి ముఖంతో వాడంతా తిరిగింది. ఆ పాపం పశువుది కాదు, నాకు ఆ బర్రెను తలుచుకుంటే ఇప్పుడూ బాధే.

ఏడో ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున ఐలవ్వ నీళ్ళ కడవతో పెరట్లోకి వచ్చేసరికి మళ్ళ మీద తెల్లగా పరుచుకుని ఉంది. చౌడు పొక్కిందేమో అనుకుని వంగింది. కల్లుప్పు. పిడికెడేమిటి, బస్తాలకు బస్తాలు. అప్పటికే రాత్రి తడికి సగం కరిగింది. రెండు మూడు రోజుల్లో పూత మీదున్న వంగ తలలు వాల్చింది, బీర ఆకులు అంచుల నుంచి కాలినట్టు మాడిపోయాయి. పుంటికూర నిలువునా నల్లబడింది.

ఐలవ్వ గడ్డపార తీసుకుని మొండయ్య ఇంటి మీద పడింది. తలుపు చీల్చింది. నీళ్ళ గోలెం పగలగొట్టింది. వడ్ల గుమ్మి పొట్ట చీలిస్తే వడ్లు వాకిట్లోకి కారాయి. మొండయ్య దుడ్డుకర్రతో ఆమె ఎడమ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు మా ఇంటికి వినపడింది. ఆమె కుడిచేత్తో గడ్డపార ఎత్తింది. అప్పుడు భూమన్న పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"ఐలవ్వా, రెండో మాట యాదికుంచుకో! వాణ్ణి సంపితే గా జాగ ఇయ్యాల్నే పోతది!"

గడ్డపార గాల్లోనే ఆగింది. దించడానికి ఆమె ఎంత కష్టపడిందో నేను చూశాను. పెదవి కొరుక్కుంటే నెత్తురొచ్చింది.

పంచాయతీలో మొండయ్య మళ్ళీ మన్ను నోట్లో వేసుకున్నాడు. "నేను ఉప్పు పొయ్యలే. చౌడు భూమి, ఎండకు పైకి తేలింది" అన్నాడు. మళ్ళీ ఎవరూ నమ్మలేదు, మళ్ళీ అందరూ ఒప్పుకున్నారు. వచ్చే ఉగాది లోపల ఆ పెరట్లో ఒక్క కాయ కాయకపోతే అది చంపినవాడి చేతికే పోతుంది.

విరిగిన చేతికి వెదురుబద్దలు కట్టుకుని ఐలవ్వ పనికి దిగింది. ఉప్పును మట్టి నుంచి వెళ్ళగొట్టాలంటే నీళ్ళతో తరమాలి. పెరటి చుట్టూ గట్లు పోసింది. బాయి నీళ్ళు చేది మళ్ళు నింపి, నానబెట్టి, వదిలేది. వదిలిన నీళ్ళు పోవడానికి పల్లం వైపు కాలువ తవ్వింది. పెరడు ఆది నుంచీ మొండయ్య గోడ వైపే వాలు. కాలువ ఆ గోడ అడుగు నుంచే సాగింది.

ఉప్పు పట్టిన మట్టిగోడ పొట్టు పొట్టుగా రాలుతుందని మా వైపు పసిపిల్లలకూ తెలుసు. అందుకే ఉప్పుకుండను గోడకు ఆనించి పెట్టరు. ఐలవ్వకు తెలియక తవ్విందా? నన్నడిగితే తెలిసే తవ్వింది. మొండయ్య పెళ్ళాం బాలవ్వ మంచిది, భయస్తురాలు. ఆమె గోడ పక్కకు వచ్చి బతిమాలింది.

"చెల్లె, గా కాలువ జర ఇవుతలికెల్లి తియ్యరాదు? గోడ అడుగు తింటున్నది."

"ఉత్త నీళ్ళే గదనక్కా" అంది ఐలవ్వ. "ఉప్పు పొయ్యలేదని బావ మన్ను ముట్టిండు గద. ఉత్త నీళ్ళకు గోడ పడుతదా? ఉప్పు పోసిన అని చెప్పుమను, గిప్పుడే కాలువ పూడుస్త."

మొండయ్య ఎట్లా చెబుతాడు? కాలువ ఉప్పుకాలువ అంటే ఉప్పు పోసినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మన్ను మీద అబద్ధమాడినట్టు. ఒక అబద్ధం తేలితే ఊరు రెండోదాన్నీ తవ్వుతుంది. అందుకని నోరు మూసుకుని, రోజూ తన గోడ తెల్లగా పూసి రాలిపోవడం చూస్తూ కూర్చున్నాడు. తోటలో మాత్రం ఉప్పు తగ్గింది. ఐలవ్వ మళ్ళీ జనుము చల్లింది, మొలిచింది.

శ్రావణంలో ముసురు పట్టింది. రోజుల తరబడి వాన. ఒక పొద్దున గోడ కడుపు ఉబ్బింది. మొండయ్య దానికి అడ్డుమొద్దు ఆనించబోయాడు. గోడ అతని మీదకే వచ్చింది. దూలం కూడా దిగింది.

ఊరి మగవాళ్ళు చాలామంది నాట్లకు పోయారు. మేము ఉరికేసరికి బాలవ్వ మట్టిదిబ్బ మీద పడి గోళ్ళతో గీకుతోంది. ఎక్కడ తవ్వాలో ఆమెకు తెలియడం లేదు. ఐలవ్వ జనుములోంచి పరుగెత్తుకొచ్చింది. ఎన్నేళ్ళుగానో మట్టితో కొట్లాడిన చేతులవి. ఎక్కడ కదులుతోందో చూసి అక్కడే చేతులు దించింది. తల దొరికింది. జుట్టు పట్టి పైకి లాగి వీపు మీద పిడికిలితో గుద్దింది. నోట్లోంచి ముద్దలు ముద్దలుగా మన్ను పడింది. మొండయ్య ఊపిరి తీశాడు. దాంతో పాటే అరిచాడు. ఎడమకాలు దూలం కింద నలిగింది. మోకాలి కింద ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. నెత్తురు బురదలోకి పారుతోంది.

ఐలవ్వ గడ్డపార దూలం కింద గుచ్చి, రాయి ఆసరా పెట్టి, ఎత్తడానికి ఒంగింది. దూలం వేలెడంత లేచింది. ఐలవ్వ అక్కడే ఆపింది.

భూమన్న, ఇంకా కొందరు అప్పుడే వచ్చారు.

"ఎట్లున్నది బావా మన్ను?" అనడిగింది ఐలవ్వ. "సప్పగున్నదా? ఉప్పగున్నదా?"

"ముందుగాల దూలం లేపే!"

"చెప్పినంక లేపుత."

ఇద్దరు ముందుకు కదిలారు. "ఎవడన్న దగ్గరికొస్తే గడ్డపార ఇడుస్త" అంది. వాళ్ళు ఆగిపోయారు. దూలం బరువంతా ఆమె చేతుల మీదే ఉంది. విరిగి అతికిన మణికట్టు మీద కూడా.

మొండయ్య నొప్పిలో కూడా నవ్వబోయాడు. "నేను సస్తే నీ జాగ పోతది. పెద్దమనిషి మాట మర్సినవా?"

ఐలవ్వ తల తిప్పి పెరటి వైపు చూసింది. జనుము పసుపుపచ్చగా పువ్వు పట్టి వానలో ఊగుతోంది. మోసిన ఇసుక, ఎత్తిన పేడ, ఏళ్ళకేళ్ళ చాకిరి అంతా అక్కడే ఉంది.

"పోనీ" అంది.

ఆ మాటకు మొండయ్య ముఖం మారిపోయింది. అంతవరకు అతనికి భయం లేదు.

"ఉప్పగున్నది" అన్నాడు. "ఉప్పు నేనే పోసిన."

"నేనడిగింది గది గాదు. గుంజ మీద కొట్టవోయినవా?"

మొండయ్య కళ్ళు మూసుకున్నాడు. వాన కొడుతోంది. అప్పుడు బాలవ్వ, మొగుడి ముందు ఏనాడూ నోరెత్తని బాలవ్వ, అతని చెంప మీద ఛెళ్ళున కొట్టింది. "చెప్పు! నీ నోట్ల మన్నువడ, చెప్పి బతుకు!"

"గుంజ కాదు" అన్నాడు మొండయ్య. "వాని నెత్తి మీదనే కొట్టిన. సంపాలెననే కొట్టిన."

ఐలవ్వ ఒళ్ళంతా గడ్డపార మీద వేసింది. దూలం లేచింది. మగవాళ్ళు అతన్ని బయటికి లాగారు.

దవాఖానలో కాలు మోకాలి దాకా తీసేశారు. మొండయ్య బతికాడు. షరతులన్నీ కొట్టేసినట్టు భూమన్న ఊరి ముందు చెప్పాడు, ఐలవ్వ ముఖం చూడకుండా చెప్పాడు. మళ్ళీ ఎవరూ గోడ కట్టలేదు. కూలిన మట్టిని ఐలవ్వ వానల్లో బాగా నాననిచ్చి, ఉప్పంతా పోయిందని నాలుకతో తేల్చుకుని, తట్టలకెత్తి చిక్కుడుపాదులకు పోసింది. పాతగోడ మన్నంత బలం ఇంకే ఎరువులోనూ లేదనేది. మంచం మీద కూర్చున్న మొండయ్యకు చచ్చేదాకా ఆ చిక్కుడుపందిరే కనిపించింది. ఐలవ్వ అతన్ని క్షమించిందని కొందరంటారు. అబద్ధం. ఆమె చచ్చిపోయే ఏడు కూడా, పందొమ్మిది వందల అరవై ఏడులో, గడ్డలు కొడుతూ అతని పేరే తిట్టింది. అతను పోయి అప్పటికి మూడేళ్ళు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. గోడ కూలిన రోజు సాయంత్రం మేము అన్నానికి కూర్చుంటే ఐలవ్వ మా గడపలో నిలబడింది. జుట్టు నిండా మట్టి, చీర నిండా మొండయ్య నెత్తురు. చేతిలో గిన్నె, గిన్నెలో జొన్న గటక, దాని మీద ఇంత పుంటికూర.

"చెల్లె," అంది మా అవ్వతో, "జర ఉప్పుంటే పెట్టు. మా ఇంట్ల లేదు."

మా అవ్వ లేచి ఉప్పుకుండ తెచ్చి గిన్నెలో వేసింది. ఐలవ్వ నిలబడే కలుపుకుని తిన్నది. తింటూ ఏడ్చింది. రాయమల్లు పోయాక ఆమె ఏడవగా మేము చూడటం అదే మొదటిసారి. గిన్నె ఖాళీ అయ్యాక మా అవ్వ ఇంకో చిటికెడు ఉప్పు ఆమె అరచేతిలో పెట్టింది. ఐలవ్వ దాన్నీ నాకేసి, గడ్డపార మర్చిపోయానంటూ వానలోకి వెళ్ళిపోయింది.